కిందికి దిగేవాళ్ళు

సెప్టెంబరు 3, ఒంగోలు బైపాస్

నీళ్ళు పావు ట్యాంకు. బ్యాటరీ ఫరవాలేదు. జ్వరం ఎవరికీ లేదు.

బండి నడిపే మనిషే రోజూ ఈ చిట్టా రాయాలని మా బళ్ళ వరసలో నియమం. మాది పదిహేడో బండి. కాకినాడలో సముద్రం మా వీధిలోకి వచ్చి ఇక వెనక్కి వెళ్ళకపోయాక మాకిచ్చిన ఇల్లుబండి ఇది. ముందు స్టీరింగు, మధ్యలో పొయ్యి, వెనక మంచాలు. మదనపల్లె అవతల గుట్టల మీద మాలాంటి వాళ్ళ కోసం కొత్తగట్టు అని ఒక ఊరు కట్టారు. వారంలో చేరతామనుకున్నాం. దారిలో ఉండగానే మసక జ్వరం మొదలైంది. ముందు చూపు మసకబారుతుంది, తర్వాత ఊపిరి అందదు. ఇప్పుడు ఏ ఊరివాళ్ళూ మమ్మల్ని లోపలికి రానివ్వరు. ముందున్న ఊరు దారి వదిలితే కదులుతాం, లేకపోతే రోడ్డు పక్కన నిలబడతాం. ఎండల్లో బయల్దేరాం. ఇప్పుడు వానలు.

కిటికీ తెరవకూడదు. తలుపు తీయకూడదు. జ్వరం వచ్చి తేలినవాళ్ళు మాత్రమే కిందికి దిగొచ్చు. వాళ్ళకు మళ్ళీ రాదు. గుర్తుగా మణికట్టుకు పసుపు పట్టీ కడతారు. మా బండిలో ఆ పట్టీ ఉన్నది నా ఆడపడుచు కాంచనకు ఒక్కదానికే.

ఆ పట్టీ ఎలా వచ్చిందో కూడా రాస్తాను. ఏలూరు దగ్గర ఆగినప్పుడు ఎవరికీ చెప్పకుండా దిగి, స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళింది. తిరిగొస్తూ దారిలోనే కళ్ళు మసకేశాయి. వరస చివర నడిచే తెల్లబండే మా ఆసుపత్రి. అందులో పడుకుని, మూలిగి, లేచి వచ్చింది. చెప్పిన మాట విన్న మేం ముగ్గురం లోపల. వినని మనిషి బయట.

ఇవాళ ట్యాంకరు వచ్చింది. కాంచన పైపు భుజాన వేసుకుని వానలో దిగింది. గొడుగు ఇస్తానన్నా వద్దంది. తిరిగొచ్చి తలుపు దగ్గరున్న ఆవిరిగదిలో శుభ్రపడి లోపలి తలుపు తీసేసరికి మైత్రి అక్కడే గొంతుక్కూర్చుని ఉంది. నా కూతురు. ఎనిమిదేళ్ళు. అత్త చేతులు పట్టుకుని వాసన చూసింది.

"ఇవాళ ఏం వాసనత్తా?"

"నువ్వే చెప్పు."

"మట్టి. ఇంకా... వేపపువ్వా?"

"ఈ నెలలో వేపపువ్వేంటే, ఎర్రిమొహమా! వేపాకు. చెట్టు కింద నిలబడ్డాను కాసేపు. నెత్తిమీద టపటపా పడ్డాయి చినుకులు."

ఆవిరి పట్టించాక ఏ వాసనా మిగలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా రోజూ ఇదే ఆట.

అన్నం తింటూ మైత్రి నన్ను అడిగింది. "అమ్మా, నీకు జ్వరం ఎప్పుడొస్తుంది?"

మా ఆయన ఫణీంద్ర ఉలిక్కిపడ్డారు. "అదేం మాటే?"

"వస్తే అమ్మ కూడా కిందికి దిగొచ్చు కదా నాన్నా. నాకు బయట సంగతులు చెప్తుంది."

కాంచన నవ్వింది. మా ఆయన కూడా నవ్వేశారు. నేను మైత్రి కంచంలో ఇంకో ముద్ద పప్పు వేశాను.


సెప్టెంబరు 11, కనిగిరి

నీళ్ళు నిండా. గాలి వడపోత మా ఆయన విప్పి కడిగారు. ఆయన చేపల ఫ్యాక్టరీలో శీతల గదుల మెకానిక్కు. గాలి, చల్లదనం ఆయన చేతిలో పని. జ్వరం ఎవరికీ లేదు.

ఎండ కాసింది. కాంచన రోడ్డు మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గడులు గీసింది. ఆడేది తను, ఆడించేది మైత్రి. కిటికీ దగ్గర మైకు పట్టుకుని, "మూడో గడి! ఒంటికాలత్తా, ఒంటికాలు! గీత తొక్కేవు, చూశాను!" అని ఒకటే అరుపులు. నవ్వలేక వంగిపోతోంది. నెలల తరబడి నేను ఏం చేసినా రాని నవ్వు అది. బొమ్మలు గీశాను, కథలు చెప్పాను, ఉన్న కాస్త బెల్లంతో అచ్చు పోశాను. ఒక ఆడమనిషి రోడ్డు మీద ఒంటికాలి మీద గెంతితే వచ్చేసింది.

నేను స్టీరింగు ముందు కూర్చుని చూస్తున్నాను. కాకినాడ రేవులో పన్నెండేళ్ళు క్రేను నడిపాను. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుంటే కింద ఉన్నవాళ్ళందరూ తలెత్తి నా చెయ్యి ఎటు కదులుతుందా అని చూసేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ తలెత్తరు.

ఇంజను తిప్పాను. హారను కొట్టాను.

వరస కదులుతోందనుకుని కాంచన చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆవిరి పట్టించుకుని, తడి జుట్టుతో ముందుకి వచ్చి చూసింది. ముందు బండి అక్కడే ఉంది.

"కదల్లేదేంటి వదినా?"

"ఇంజను చూసుకుంటున్నా."

తను వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆయన వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

"ఇంజను నిన్న కూడా చూసేవు కదా హైమా."

"మీ చెల్లెలు రోజంతా రోడ్డు మీద గెంతుతూ ఉంటే గిన్నెలు ఎవరు తోమాలండీ?"

"అది దిగితేనే కదా మనకి నీళ్ళొచ్చేది."

"నేను నడిపితేనే కదా మీరందరూ కదిలేది."

వెనక నుంచి మైత్రి గొంతు వినిపించింది. ఏడో గడి దగ్గర ఆగామని, రేపు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలని అత్తకు గుర్తు చేస్తోంది.


సెప్టెంబరు 19, బద్వేలు

నీళ్ళు సగం. మా బండిలో జ్వరం లేదు. వరసలో ఉంది. తొమ్మిదో బండిలో ఒకరు, ఇరవై రెండులో ఇద్దరు.

పొద్దున్న డాక్టర్ రజియా గారు స్పీకర్లో మాట్లాడారు. తెల్లబండిలో పడకలు నిండిపోయాయట, ఉన్న ఇద్దరు నర్సులూ నిలబడలేకపోతున్నారట. తేలినవాళ్ళలో ఎవరైనా సాయానికి వస్తారా అని అడిగారు. బలవంతం లేదన్నారు.

కాంచన మొహం పాలిపోయింది. "నావల్ల కాదు వదినా. అక్కడ పడుకున్నదాన్ని. ఆ మూలుగులు నాకింకా వినపడుతూనే ఉంటాయి."

టీ పెట్టి, అందులో ఏలక్కాయ దంచి వేసి, గ్లాసు తన చేతికి ఇచ్చాను. పక్కన కూర్చున్నాను.

"నువ్వు పడుకున్నప్పుడు నీ పక్కన ఎవరో ఒకరు కూర్చున్నారు కదా కాంచనా. వాళ్ళూ నావల్ల కాదనుంటే?"

తను టీ తాగలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నన్ను వెళ్ళమంటావా?"

"నేననడం ఏముంది? నీకే అనిపించాలి."

మధ్యాహ్నానికి రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. మైత్రి దాన్ని వదలకుండా పట్టుకుంటే నేనే ఒక్కొక్క వేలూ విడదీశాను. ఆవిరిగది తలుపు వేసుకున్నాక, బయటి తలుపు తీసుకుని దిగి, రోడ్డు అంచున నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి చెల్లెలు కనిపించినంతసేపూ చూశారు.

సాయంత్రం పెసరట్లు వేశాను. పాట కూడా పాడుకున్నట్టున్నాను. "ఏంటంత హుషారు?" అని ఆయన అడిగితే ఆపేశాను.


సెప్టెంబరు 22, అక్కడే

నీళ్ళు పక్కబండిలోని పెద్దాయన పోసి వెళ్ళాడు. జ్వరం లేదు.

మైత్రి నాతో మాట్లాడటం లేదు. అడిగినదానికి తల ఊపుతుంది. వెనక కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంటుంది. అక్కణ్ణుంచి తెల్లబండి పైకప్పు ఒక్కటే కనబడుతుంది.

జడ వేస్తుంటే మాత్రం నోరు విప్పింది. "అత్త ఇంత గట్టిగా లాగదు."

"అత్త వేసిన జడ గంటలో ఊడిపోతుంది."

"ఊడిపోతే మళ్ళీ వేస్తుంది."


సెప్టెంబరు 25

కాంచన రోజూ ఒకసారి వరస వెంట నడుస్తూ వచ్చి, దూరంగా నిలబడి చెయ్యి ఊపి వెళ్తోంది. తెల్లబండి బట్టలతో దగ్గరికి రాకూడదు. ఇవాళ కూడా అలాగే నిలబడింది.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నీళ్ళ పైపు లోపలికి రావడానికి ఆవిరిగదిలో చిన్న మూత ఉంటుంది, పిల్లల చెయ్యి పట్టేంత. మైత్రి లోపలికి దూరి ఆ మూత తీసి, చెయ్యి బయటపెట్టి, ఏదో తగిలి నొప్పి పెట్టినట్టు కేక పెట్టిందట. పాప చెయ్యి ఇరుక్కుందేమోనని కాంచన పరిగెత్తుకొచ్చింది. ఆ చెయ్యి తన చెయ్యిని గట్టిగా పట్టుకుని వదల్లేదు.

"మూసెయ్యమను వదినా! నా ఒంటి మీద తెల్లబండి బట్టలే ఉన్నాయి!" అన్న అరుపు విని నేను వెళ్ళేసరికి మైత్రి నవ్వుతోంది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి.

సబ్బుతో మోచేతి దాకా రుద్దాను. ఏడ్చేదాకా రుద్దాను.


సెప్టెంబరు 28

జ్వరం ఒకరికి.

పొద్దున్న పాలు తాగుతూ, "అమ్మా, నాన్న మొహం మీద పొగేంటి?" అంది.

పొగ లేదు. మా ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు.

డాక్టర్ గారికి చెప్పిన కాసేపటికి కాంచన వచ్చి బయట నిలబడింది. ఆవిరిగదికి రెండు తలుపులు. ఒకటి మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. మైత్రిని దుప్పట్లో చుట్టి ఆ గది నేల మీద కూర్చోబెట్టాను. "అమ్మా, నువ్వు రావా?" అంది. లోపలి తలుపు నేనే వేశాను. గాజులోంచి చూస్తుండగా బయటి తలుపు తెరుచుకుంది. కాంచన వంగి, రెండు చేతులూ చాచింది. నా కూతురు ఆ మసక కళ్ళతో కూడా ఎవరో పోల్చుకుని, అటు ఒరిగిపోయింది.

నేనూ వస్తానని డాక్టర్ గారితో అన్నాను.

"మీకు ఇప్పటికీ అంటలేదు హైమగారూ. పెద్దవాళ్ళలో సగం మందికి జ్వరం తగ్గినా చూపు తిరిగి రావడం లేదు. ముందు ఘాటు ఉంది. మీ బండి ఎవరు నడుపుతారు? ఫణీంద్రగారు నడపగలరా?"

నడపలేరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

సాయంత్రం స్పీకర్లో కలిపారు.

"మైత్రీ, అమ్మని."

ఊపిరి చప్పుడు. తర్వాత, "అత్త ఏది?"

"ఇక్కడే ఉన్నానే. అమ్మ పిలుస్తోంది, పలుకు తల్లీ," అంది కాంచన.

"అత్తా, నువ్వెళ్ళకు."

"వెళ్ళను. అమ్మతో మాట్లాడు."

"నువ్వెళ్ళకు."

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. తీసెయ్యమన్నాను.


అక్టోబరు 2, రాయచోటి ఘాటు

నీళ్ళు తక్కువ. మా ఇద్దరికీ జ్వరం లేదు.

దారి ఇచ్చారు. ఘాటు మొదట్లో తెల్లబండిని మా ముందుకు పంపమని వరస పెద్దను బతిమాలాను. ఒప్పుకున్నాడు. రోజంతా దాని వెనకే నడిపాను.

వాన కురుస్తూనే ఉంది. మలుపు మలుపుకీ రాళ్ళు జారి రోడ్డు మీద పడ్డాయి. ఒకచోట వెనక చక్రం అంచు దాకా వెళ్ళింది. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ఎందుకంటే నా కళ్ళు తెల్లబండి వెనక అద్దం మీద ఉన్నాయి. లోపల దీపం వెలుగుతోంది. పల్చటి తెర వెనక ఒక మనిషి నీడ. మంచం పక్కన కూర్చుని, కాస్త ముందుకు వంగి ఉంది. కాంచన. ఏ మంచమో డాక్టర్ గారు పొద్దున్నే చెప్పారు.

ఘాటు ఎక్కినంతసేపూ ఆ నీడ లేవలేదు. బండి ఎంత ఊగినా అది మంచం వైపే ఒరిగి ఉంది. అక్కడ ఉండాల్సింది నేను. ఆ తడిగుడ్డ పిండాల్సింది నా చెయ్యి. ఆ మనిషిని లాగి అవతల పడేసి అక్కడ కూర్చోవాలనిపించింది. అదే సమయంలో, ఆ నీడ లేస్తుందేమోనని ప్రాణం గిలగిల్లాడింది. అది కూర్చుని ఉన్నంతసేపూ పాప ఊపిరి తీస్తున్నట్టే కదా. లేచి, తెర పక్కకి లాగి, నావైపు చూస్తే?

ఒక మలుపులో అది కదిలింది. నా కాలు బ్రేకు మీదకి వెళ్ళిపోయింది. వెనక బండి హారను మోగించింది. నీడ వంగి, దిండు సర్ది, మళ్ళీ కూర్చుంది.

"కూర్చో కాంచనా, కూర్చో," అన్నాను పైకే. మా ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు.


అక్టోబరు 10, మదనపల్లె బయట

నీళ్ళు సగం. జ్వరం ఎవరికీ లేదు.

ఎవరికీ లేదు.

పొద్దున్న తలుపు మీద ఎవరో తట్టారు. బయట నుంచి. కిటికీలోంచి చూస్తే మైత్రి. సగం మనిషైంది. చేతికి పసుపు పట్టీ వదులుగా వేలాడుతోంది. చెప్పుల్లేకుండా బురదలో నిలబడి ఉంది. పక్కన కాంచన. తనూ సగమైంది.

"అమ్మా! నేను కింద ఉన్నా! నువ్వెంత ఎత్తులో ఉన్నావో చూడు!"

"చూపు బాగుందా తల్లీ? నేను కనిపిస్తున్నానా?"

"నీ ముక్కుపుడక కూడా కనిపిస్తోంది. అమ్మా, బురద చల్లగా ఉంది! వేళ్ళ మధ్యలోంచి పైకి వస్తోంది!"

మా ఆయన కిటికీకి నుదురు ఆనించి భోరుమన్నారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే చూశాను, ఆ ఇద్దరూ చేతులు పట్టుకుని ఉన్నారు. మాట్లాడకుండానే ఒకేసారి అటు తిరిగారు, కుక్కపిల్ల ఏదో అరిస్తే. వాళ్ళకి ఇప్పుడు బురద ఉంది, వాన ఉంది, కుక్కపిల్ల ఉంది. నాకు గాజు ఉంది.

ఆవిరి పట్టించుకుని లోపలికి రమ్మన్నాను. "కాసేపాగి వస్తానమ్మా," అంది. కాసేపంటే చీకటి పడేదాకా.


అక్టోబరు 13, కొత్తగట్టు

చేరాం. గేటు దాకా.

గుట్ట మీద ఎర్ర పెంకుల ఇళ్ళు కనిపిస్తున్నాయి. గేటు దగ్గర కాపలా ఆవిడ మైకు పట్టుకుని బండి బండికీ వచ్చి చెప్పింది.

"తేలినోళ్ళు ఇప్పుడే లోనికి పోవచ్చు. ఇండ్లుండాయి, బడి కూడా నడస్తాండాది. మిగిలినోళ్ళు చలికాలం పొయ్యేదాంక ఈ బయల్లోనే బండ్లల్లో ఉండల్ల. మీ పిల్లను పంపేదీ లేనిదీ తల్లి నోటితో చెప్పల్లమ్మా. పొద్దుగూకేలోగా చెప్పు."

మా ఆయన్ని చూశాను. "నువ్వేమంటే అదే హైమా," అన్నారు. ఇలాంటప్పుడు ఆయన ఎప్పుడూ అనే మాటే.

కాంచన తలుపు గాజు దగ్గరకు వచ్చి నిలబడింది. మైత్రి కాస్త దూరంలో ఎవరి మేకపిల్లనో నిమురుతోంది.

"వద్దంటే చెప్పెయ్ వదినా. ఇక్కడే పందిరి వేసుకుని బండి పక్కనే ఉంటాం ఇద్దరం. రాత్రుళ్ళు పాప లోపల పడుకుంటుంది."

వద్దు అనడానికి నోరు తెరిచాను. బయటికి వేరే మాట వచ్చింది.

"నిన్ను తెల్లబండికి ఎందుకు పంపేనో తెలుసా?"

"తెలుసు. ఆ టీ చూస్తేనే తెలిసిపోయింది. నాకెప్పుడైనా ఏలక్కాయ వేసేవా నువ్వు?"

"మరి ఎందుకెళ్ళేవు?"

"ఈ బండిలో నీ చూపు భరించడం కంటే అక్కడి మూలుగులే నయమనిపించింది."

తలదించుకోవలసింది నేను. తనే దించుకుని, కాలితో మట్టి గీరింది.

"కోపంగా ఉందా?"

"ఉంది. పాపకి జ్వరం వచ్చిన రోజు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నా. ఆ చెయ్యి అందుకోడానికి పరిగెత్తినందుకు నన్నూ తిట్టుకున్నా. ఒక్క మాట మాత్రం చెప్తాను, నమ్మితే నమ్ము. ఒళ్ళు కాలిపోయిన రాత్రంతా అది పిలిచింది నిన్నే. స్పీకర్లో నువ్వు విన్నది ఆ ఒక్కసారే."

నిజమో, నన్ను ఊరడించడానికి అన్నదో నాకు తెలియదు. అడగలేదు.

మైత్రి మేకపిల్లను వదిలి, గేటు కమ్మీల మధ్యలోంచి లోపలికి తొంగి చూస్తోంది. లోపల పిల్లలు బడి వదిలాక అరుచుకుంటూ పరిగెడుతున్నారు. ఆరు నెలలుగా అది తన ఈడు పిల్లలతో ఆడలేదు. కమ్మీలు రెండు చేతులతో పట్టుకుని, మడమలెత్తి నిలబడింది.

"జడ గట్టిగా వెయ్యి," అన్నాను కాంచనతో. "బడిలో ఊడిపోతే వెక్కిరిస్తారు."

తను తలెత్తింది.

కాపలా ఆవిడకు నా నోటితోనే చెప్పాను. పంపుతున్నానని.

మైత్రి కిటికీ దగ్గరకి పరిగెత్తుకొచ్చి, గాజు మీద నా అరచేతికి తన అరచెయ్యి ఆనించి, చలికాలం ఎంతలో అయిపోతుందని అడిగి, నేను చెప్పేలోపే గేటు వైపు పరిగెత్తింది. వెనక్కి తిరగలేదు. కాంచన తిరిగింది.

గేటు మూశాక మా ఆయన అడిగారు. "ఏడుస్తున్నావా?"

"లేదు. కుళ్ళుకుంటున్నాను."

"ఎవర్ని చూసి?"

"ఇద్దర్నీ."


అక్టోబరు 15, అక్కడే

నీళ్ళు నిండా. జ్వరం ఎవరికీ లేదు.

లోపలి నుంచి సాయంత్రం పూట మాట్లాడనిస్తారు. ఇవాళ మైత్రి గొంతు ఆగలేదు. బడిలో పక్కన కూర్చునే అమ్మాయి పేరు చెప్పింది. ఇంటి వెనక జామచెట్టు ఉందంది, కాయలు ఇంకా వగరంది. అత్తకి చీకట్లో బల్లి అంటే భయమట, తనే తరిమిందట.

"ఏం తిన్నావు?"

"ఉప్మా. అత్త చేసింది."

"బాగుందా?"

"ఊఁ."

నేను ఆపుకోవలసింది. ఆపుకోలేకపోయాను. "నేను చేసేదానికంటేనా?"

వెనక కాంచన గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మా ఆయన నావైపు చూసి, అడక్కుండా ఉండాల్సింది అన్నట్టు తల ఊపారు.

"నిజం చెప్పనా అమ్మా?" అంది మైత్రి చివరికి, గొంతు బాగా తగ్గించి.

"చెప్పు."

"కోప్పడకూడదు."

"కోప్పడను."

"కొంచెం... బాగుంది. జీడిపప్పు వేసింది."

కిటికీలోంచి గుట్ట మీద ఇళ్ళలో దీపాలు ఒక్కటొక్కటే వెలగడం కనిపిస్తోంది. వాటిలో వాళ్ళది ఏదో నాకు తెలియదు.

"అయితే ఇంకొంచెం పెట్టించుకో," అన్నాను. "చిక్కిపోయావు."